పాటల పెట్టె, పసిచేతులు

(తల్లిదండ్రులకు, పై తరగతి పిల్లలకు ఒక పాఠం)

మన ఆదివారం తెలుగు బడిలో నేను గుణింతాలు, ఒత్తులు చెప్పే మాస్టారిని. మిగిలిన ఆరు రోజులూ కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం. ఈ ఏడాది సంచికకి ఒక పాఠం రాయమన్నప్పుడు "వ్యాకరణం వద్దు మాస్టారూ, ఇంట్లో పనికొచ్చేది ఏదైనా రాయండి" అని ఒక తల్లి చెప్పారు. ఆవిడకి ఏడాదిన్నర పాప ఉంది. ఇంట్లో కొత్తగా కొన్న పెద్ద స్పీకర్లు ఉన్నాయి. ఆ రెండింటి మధ్యా తను పోలీసు ఉద్యోగం చేస్తున్నానని ఆవిడ బాధ. ఆ ఉద్యోగం నేనూ చేశాను. అందులో నేను చేసిన తప్పులే ఈ పాఠానికి ఆధారం.

ముందు ఒక మాట. "పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఆ సెట్టు ఎందుకండీ, అటక మీద పెట్టేయక" అని కొందరు అంటారు. మన సంగతి వేరు. గుమ్మం దాటితే బర్మా భాష, స్కూల్లో ఇంగ్లీషు. పిల్లల చెవిన తెలుగు పడేది ఇంట్లో ఉన్న ఇద్దరు ముగ్గురి నోటి నుంచీ, ఆ పాటల పెట్టె నుంచీ మాత్రమే. తరాల క్రితం "రంగం" వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన కుటుంబాలైనా, నాలాగా పదేళ్ళ కిందట ఉద్యోగం కోసం వచ్చినవాళ్ళైనా, అందరిదీ అదే పరిస్థితి. కాబట్టి పెట్టె ఉండాలి, మోగాలి. పిల్లలు దాని దగ్గర క్షేమంగా ఉండాలి. అది ఎలాగో చూద్దాం.

మామ్మ క్యాసెట్టు

1988 లో కాకినాడలో మా నాన్నగారు టూ-ఇన్-వన్ లో ఒక క్యాసెట్టు పెట్టి, వరండాలో కూర్చున్న మా మామ్మ చేత కథలు చెప్పించి రికార్డు చేశారు. మామ్మ 1994 లో పోయింది. ఆవిడ గొంతు మా ఇంట్లో మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టులోనే. ఇంజనీరింగు చదివే రోజుల్లో హాస్టలుకీ, తరువాత హైదరాబాదుకీ, చివరికి యాంగోన్ లో తామ్వేలో లిఫ్టు లేని నాలుగో అంతస్తుకీ దాన్ని మోసుకొచ్చాను. ఒక పాత టేప్ డెక్, ఒక ఆంప్లిఫయరు, ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర కొన్న నిలువు స్పీకర్లు రెండు, ఇదీ నా సెట్టు. దుమ్ము పడకుండా గుడ్డ, తేమ పట్టకుండా సిలికా పొట్లాలు, వారానికోసారి తుడవడం, అన్నీ శ్రద్ధగా చేసేవాణ్ణి.

మా చిన్నోడికి ఏడాదిన్నర ఉన్నప్పుడు ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో నేల మీద గోధుమరంగు టేపు కుప్పగా పడి ఉంది. దాని మధ్యలో వాడు కూర్చుని నవ్వుతున్నాడు. నేను గట్టిగా అరిచాను. వాడు బిక్కచచ్చిపోయి ఏడ్చాడు. మా ఆవిడ వాణ్ణి ఎత్తుకుని, "క్యాసెట్టు అందే చోట పెట్టింది మీరు. వాడికి అది తాడో, టేపో ఎలా తెలుస్తుంది?" అంది. నాకు సమాధానం దొరకలేదు.

ఆ టేపుని పెన్సిలుతో మెల్లగా చుట్టుకుంటూ రెండు గంటలు కూర్చున్నాను. క్యాసెట్టు టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక వైపుకి అరగంట. అంటే సుమారు 86 మీటర్ల టేపు. పద్నాలుగో నిమిషం దగ్గర ఒకచోట నలిగిపోయింది. మిగతాది బతికింది.

ఆ రోజు నేను నేర్చుకున్నది సగమే. "వస్తువుని వాడికి అందకుండా పెట్టాలి" అనుకున్నాను. మిగతా సగం పది రోజుల తరువాత తెలిసింది.

కనబడకుండా పోయిన బ్యాటరీ

సాయంత్రం కరెంటు పోయింది. ఫోను వెలుగులో చూస్తే సౌండ్ బాక్సు రిమోటు నేల మీద ఉంది. కార్డులా సన్నగా ఉండే రకం. అడుగున బ్యాటరీ పెట్టే చిన్న అర బయటికి వచ్చి ఉంది. బ్యాటరీ లేదు. చిన్నోడు పక్కనే ఆడుకుంటున్నాడు.

మేమిద్దరం నలభై నిమిషాలు వెతికాం. చాప ఎత్తాం, సోఫా జరిపాం, చెప్పుల స్టాండు దులిపాం. చివరికి స్పీకరు వెనకాల, గోడ మూలలో దొరికింది. ఊపిరి పీల్చుకున్నాం. ఆ రాత్రి ఈ బ్యాటరీల గురించి చదివాక నాకు నిద్ర పట్టలేదు. వెతుకుతూ గడిపిన ఆ నలభై నిమిషాలే మేము చేసిన అసలు తప్పు.

ఎందుకో చెబుతాను. ఈ బ్యాటరీలు గుండ్రంగా నాణెంలా ఉంటాయి. ఎక్కువగా కనిపించే సీఆర్ 2032 రకం 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. ఆ వెడల్పు పసిపిల్లల అన్నవాహికలో ఇరుక్కోవడానికి సరిగ్గా సరిపోతుంది. తడిగా ఉన్న చోట ఇరుక్కోగానే దాని చుట్టూ కరెంటు పారడం మొదలవుతుంది. ఆ కరెంటు వల్ల బ్యాటరీ రుణధ్రువం దగ్గర కాస్టిక్ సోడా లాంటి ఘాటు క్షారం తయారవుతుంది. రెండు గంటల్లోపే లోపలి కండ తీవ్రంగా కాలిపోగలదు. పిల్లవాడు ఏడవకపోవచ్చు. చొంగ కారడం, అన్నం వద్దనడం, దగ్గు, వాంతి లాంటివి కనిపించవచ్చు, అసలేమీ కనిపించకపోనూ వచ్చు. "అయిపోయిన బ్యాటరీ కదా" అనుకోవద్దు. రిమోటు పనిచేయనంత బలహీనపడిన బ్యాటరీలో కూడా కండని కాల్చే శక్తి మిగిలే ఉంటుంది.

అమెరికాలో 2020 లో పద్దెనిమిది నెలల పాప ఒకర్తి రిమోటులోని ఇలాంటి బ్యాటరీ మింగి చనిపోయింది. ఆ పాప పేరుతోనే 2022 లో అక్కడ "రీస్ చట్టం" వచ్చింది. బ్యాటరీ మూత స్క్రూ డ్రైవరు లాంటి పనిముట్టుతో గాని, ఒకేసారి రెండు రకాలుగా కదిపితే గాని తెరుచుకోకూడదని ఆ చట్టం చెబుతుంది. మన బజారులో దొరికే ప్రతి రిమోటూ అలా ఉండదు. కాబట్టి చట్టం చేసే పని మనమే చెయ్యాలి.

బ్యాటరీ మింగాడని తెలిసినా, అనుమానం వచ్చినా ఇలా చెయ్యండి:

1. వెతుకుతూ కూర్చోవద్దు. ఒకరు వెతకండి, ఒకరు బిడ్డని తీసుకుని బయల్దేరండి. ఎక్స్ రే సదుపాయం ఉన్న పెద్ద ఆసుపత్రికి నేరుగా వెళ్ళండి. ఇక్కడ అంబులెన్సు నంబరు 192. టాక్సీ ముందు దొరికితే టాక్సీయే ఎక్కండి. వెళ్ళగానే "బటన్ బ్యాటరీ" అని స్పష్టంగా చెప్పండి. అలాంటి బ్యాటరీయో, దాని పాకెట్టో ఇంకొకటి ఉంటే చూపించడానికి పట్టుకెళ్ళండి.

2. వాంతి చేయించవద్దు. అన్నం, పాలు, మంచినీళ్ళు ఏమీ పెట్టవద్దు.

3. బిడ్డకి ఏడాది నిండి ఉండి, మింగి పన్నెండు గంటలు దాటకుండా ఉండి, మింగగలుగుతూ ఉంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు టీ స్పూన్ల తేనె పెట్టవచ్చు. అలా ఆరు సార్ల వరకు. తేనె పూతలా పట్టి క్షారం జోరుని కొంత తగ్గిస్తుంది. ఏడాది నిండని బిడ్డకి తేనె పెట్టకూడదు. తేనె కోసం బయల్దేరడం ఆలస్యం చెయ్యకూడదు. తేనె ఆసుపత్రికి బదులు కానే కాదు.

4. ముక్కులోనో, చెవిలోనో పెట్టుకున్నా ఇదే తొందర. చుక్కల మందులు వెయ్యవద్దు.

ఇక ముందు జాగ్రత్త. ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ ఈ వారమే ఒకచోట పెట్టి చూడండి. స్క్రూ లేని మూత ఉంటే గట్టి టేపు రెండు చుట్లు వెయ్యండి, పెద్దవాళ్ళకి అందే గూట్లో పెట్టండి. పెన్సిలు బ్యాటరీలతో నడిచే రిమోటు దొరికితే అది మేలు, అయినా దాని మూతా ఊడకుండా ఉండాలి. పాత బటన్ బ్యాటరీని పారేసే ముందు రెండు వైపులా టేపు అంటించండి. మూత ఊడే రిమోటుకి టేపు వేస్తే పిల్లవాడూ క్షేమం, రిమోటూ క్షేమం.

నాకు బోధపడిన రెండో సగం ఇదే. సెట్టుని కాపాడడం, పిల్లవాణ్ణి కాపాడడం రెండు వేరు వేరు పనులని నేను అనుకున్నాను. నూటికి తొంభై పాళ్ళు అది ఒకటే పని. ఒకటి చేస్తే రెండోది దానంతట అదే జరుగుతుంది. ఎక్కడైనా రెండూ ఎదురుపడితే అప్పుడు మాత్రం ఏది ముందో చెప్పనక్కరలేదు.

నేల మీద కూర్చుని చూడండి

మీ హాలుని మీ ఎత్తు నుంచి కాకుండా చిన్నపిల్లల ఎత్తు నుంచి చూడండి. నేల మీద కూర్చుని, వీలైతే నాలుగడుగులు పాకి చూడండి. నేను అలా చేసినప్పుడు అంతకు ముందెప్పుడూ చూడనివి కనిపించాయి: వేలాడుతున్న తీగలు, మిణుకుమనే ఎర్ర దీపం, వేలు పట్టేంత స్పీకరు రంధ్రం, స్పీకరు మధ్యలో బుగ్గలా ఉబ్బిన మూత. ఆ బుగ్గని చూస్తే నాకే నొక్కాలనిపించింది. ఇక పిల్లలకి అనిపించదా?

స్పీకరు ముందు ఉండే జల్లెడ తీసేసి పెడితే అందంగా ఉంటుందని చాలామంది తీసేస్తారు. ఇంట్లో పసిపిల్లలు ఉన్నన్నాళ్ళూ దాన్ని పెట్టే ఉంచండి. వెనకవైపు రంధ్రం ఉంటే గోడ వైపు తిప్పండి. ఆ రంధ్రంలోంచి మావాడు వేసిన చెంచాలు రెండు, ఒక బర్మా నోటు, అరముక్క బిస్కెట్టు బయటపడ్డాయి.

ఇంకొక పరీక్ష. టాయిలెట్ పేపరు చుట్ట లోపల ఉండే అట్ట గొట్టం తీసుకోండి. అందులోంచి జారిపోయే వస్తువు ఏదైనా మూడేళ్ళలోపు పిల్లల గొంతుకి అడ్డుపడగలదు. వాల్యూమ్ గుబ్బ, ఇయర్ ఫోను రబ్బరు, స్పీకరు కింద పెట్టే మేకు, అన్నీ జారిపోతాయి. వదులుగా ఉన్న గుబ్బలు బిగించండి లేదా తీసి దాచండి.

మూడు కిలోల బలం

పిల్లలూ, ఇప్పుడు చిన్న లెక్క. ఒక నిలువు స్పీకరు బరువు 20 కిలోలు. ఎత్తు 1 మీటరు. ముందు నుంచి వెనక్కి లోతు 25 సెంటీమీటర్లు. దాని గరిమనాభి సరిగ్గా మధ్యలో ఉందనుకుందాం. అంటే ముందు అంచు నుంచి 12.5 సెంటీమీటర్ల దూరంలో. మీ తమ్ముడు నేల నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తులో దాన్ని పట్టుకుని తనవైపు లాగాడు. ఎంత బలంతో లాగితే స్పీకరు వెనక భాగం పైకి లేస్తుంది?

20 ని 12.5 తో గుణించి 80 తో భాగించండి. జవాబు 3.1. అంటే మూడు కిలోల బరువుని లాగేంత బలం చాలు! ఏడాదిన్నర పిల్లవాడి బరువే పది కిలోల పైన ఉంటుంది. వాడు స్పీకరు పట్టుకుని లేచి నిలబడబోతే చాలు, ఇరవై కిలోలు వాడి మీదికి వస్తాయి. "ఇంత బరువు, వాడెక్కడ కదపగలడు" అని మనం అనుకునేది ఇందుకే తప్పు. చూడవలసింది బరువు ఒక్కటే కాదు, అడుగు ఎంత వెడల్పు అనేది కూడా.

కాబట్టి నిలువు స్పీకర్లని, టీవీని, సామాన్ల రాకుని పట్టీతో గాని, ఇనుప ఎల్ ముక్కతో గాని గోడకి బిగించండి. అద్దె ఇల్లయితే ఇంటివాళ్ళని అడిగి రెండు మేకులు కొట్టించుకోండి. చాలామంది కాదనరు. బరువైన ఆంప్లిఫయరు అన్నిటికంటే కింది అరలో ఉండాలి. బొమ్మ, బిస్కెట్ల డబ్బా, రిమోటు లాంటివి స్పీకరు పైన పెట్టవద్దు, ఎక్కమని పిలిచినట్టే. చిన్న స్పీకర్లని స్టాండు మీద కంటే గోడ అరలో పెట్టడం మేలు.

గోడకి బిగించడానికి మనకి ఇంకొక కారణం కూడా ఉంది. 2025 మార్చి 28 న మాండలే, సగాయిన్ వైపు 7.7 తీవ్రతతో వచ్చిన భూకంపం మనందరికీ గుర్తే. అక్కడ జరిగిన నష్టంతో పోలిస్తే మన ఊరు బయటపడింది. కాని సగాయిన్ భూ చీలిక దక్షిణంగా బగో వైపుకి కూడా వస్తుంది. 1930 మే 5 న బగో దగ్గర వచ్చిన భూకంపంలో అక్కడి ష్వేమోడో పగోడా కూలింది, అప్పటి రంగూన్ లో కూడా ప్రాణనష్టం జరిగింది. పిల్లవాడు లాగినా, భూమి ఊగినా నిలబెట్టేది ఆ పట్టీయే.

"మీ లా బ్యీ!"

కరెంటు వచ్చినప్పుడు మన వీధుల్లో ఒకేసారి వినిపించే కేక ఇది. "వెలుగొచ్చేసింది" అని. మన పిల్లలు "కరెంటొచ్చింది" అనడానికి ముందు ఇదే నేర్చుకుంటారు. కాని ఆ క్షణం సెట్టుకి మంచిది కాదు. వీధిలోని ఫ్రిజ్జులు, మోటార్లు అన్నీ ఒకేసారి మొదలై వోల్టేజీ ఎగిరి పడుతూ ఉంటుంది. ఇక్కడి సరఫరా 230 వోల్టులని కాగితం మీద ఉన్నా, ఆ మొదటి నిమిషాల్లో ఎంత ఉంటుందో చెప్పలేం.

అందుకని కరెంటు పోగానే ఆంప్లిఫయరు మీట ఆపేసి, వాల్యూమ్ సున్నాకి తిప్పండి. కరెంటు వచ్చాక ఐదు నిమిషాలు ఆగి పెట్టుకోండి. మంచి స్టెబిలైజరు ఉంటే ఇంకా నయం. వాల్యూమ్ సున్నాకి తిప్పడం పిల్లల కోసం కూడా. ఆపినప్పుడు ఎక్కువలో ఉండిపోతే, కరెంటు రాగానే స్పీకరు ముందు నిలబడ్డ బిడ్డ చెవిలో పిడుగు పడినట్టే. వాన ముందు ఉరుములు మొదలైతే ప్లగ్గు, డిష్ తీగ రెండూ ఊడదీసి ఉంచండి.

మన ఊరి ఇళ్ళలో ఒకే గోడ మీద మూడు రకాల సాకెట్లు కనిపిస్తాయి. మూడు పలకల కాళ్ళ సాకెట్లకి సాధారణంగా లోపల మూత ఉంటుంది. రెండు గుండ్రటి రంధ్రాల పాత సాకెట్లలో చాలా వాటికి అది ఉండదు. ఇక్కడ చాలామందికి తెలియని ప్రమాదం ఒకటి ఉంది. స్పీకరు తీగ చివర బనానా ప్లగ్గు అని ఒకటి పెడతారు. అది సరిగ్గా ఆ గుండ్రటి రంధ్రంలో పడుతుంది! తీగ చివర చేతికి దొరికిన పిల్లవాడు దాన్ని గోడ రంధ్రంలో దూర్చితే ఏమవుతుందో ఆలోచించండి. ఐరోపాలో ఈ కారణంగానే స్పీకరు వెనక ఉండే రంధ్రాలని మూసి అమ్ముతారు. కాబట్టి స్పీకరు తీగలని విడిగా వదిలెయ్యవద్దు. ఒక వైపు తీస్తే రెండో వైపూ తీసి చుట్టి దాచండి. రంధ్రాల సాకెట్లకి మూతలున్నవి వేయించండి.

తీగలని గోడ వెంబడి గొట్టంలో పోనివ్వండి, లేదా సామాన్ల వెనక బిగించండి. వేలాడే తీగ మెడకి చుట్టుకోగలదు. ఉయ్యాలకి, మంచానికి మూడడుగుల లోపు ఏ తీగా ఉండకూడదు. ఎక్స్ టెన్షన్ బాక్సుకి ఇంకొక ఎక్స్ టెన్షన్ తగిలించవద్దు. ఇన్వర్టరు బ్యాటరీకి పిల్లలు తియ్యలేని మూత ఉండాలి. ఎలక్ట్రీషియన్ని పిలిచినప్పుడు రెండు సంగతులు అడగండి: ఎర్తు వైరు నిజంగా భూమి దాకా వెళ్ళిందా, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్ సీ సీ బీ ఉందా? కరెంటు మనిషి ఒంట్లోంచి పారడం మొదలైతే క్షణంలో సరఫరా కట్ చేసే మీట అది. దాని మీద "టెస్ట్" అనే బొత్తాన్ని అప్పుడప్పుడూ నొక్కి చూడండి.

ఆంప్లిఫయరు మూత ఇంట్లో విప్పవద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో కొంతసేపు విద్యుత్తు నిలవ ఉంటుంది.

వానాకాలం, కలరా ఉండలు

యాంగోన్ లో ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్ల వాన. హైదరాబాదు వానకి మూడింతలు పైనే. మే నెల మధ్య నుంచి అక్టోబరు దాకా బట్టలతో పాటు స్పీకరు అట్ట కూడా బూజు పడుతుంది. దీనికి తేలికైన మందు సెట్టుని వాడడమే. రోజూ ఒక అరగంట మోగిస్తే ఆ వేడికి తేమ పోతుంది. గోడకి నాలుగు వేళ్ళ ఎడంగా పెట్టండి. మోగుతున్నప్పుడు పైన గుడ్డ కప్పవద్దు, వేడెక్కి పాడవుతుంది.

సెట్టు క్షేమం, పిల్లల క్షేమం ఎదురుపడే చోటు ఇదే. పురుగు, బూజు రాకుండా కొందరు రాకు వెనక కలరా ఉండలు వేస్తారు. చూడడానికి పిప్పరమెంటు బిళ్ళల్లా ఉంటాయి. నాఫ్తలీన్ తో చేసిన ఉండలు మింగితే విషం. జి-6-పి-డి అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లల్లో అది ఎర్ర రక్తకణాలని పగలగొడుతుంది. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాలవాళ్ళలో, అంటే ఇక్కడా, మన దేశంలోనూ, ఈ లోపం చాలామందికి ఉంటుంది. చాలాసార్లు ఉన్నట్టు కూడా తెలియదు. ఇంట్లో పసిపిల్లలుంటే కలరా ఉండలు వద్దే వద్దు. సిలికా పొట్లాలు కావాలంటే తాళం పడే అరలోపలే పెట్టండి, నీలం గుళికలవి మానెయ్యండి. బూజు పడితే తుడుచుకోవచ్చు.

చెవులు కూడా సామానే

పెద్దలు సెట్టు కొనేటప్పుడు ఎన్ని వాట్లు అని అడుగుతారు. పిల్లల చెవికి ఎన్ని డెసిబెల్లు అని ఎవరూ అడగరు. పాటలు వినే పరికరాల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లో చెప్పిన హద్దు ఇది: పెద్దలకి 80 డెసిబెల్లు, పిల్లలకి 75 డెసిబెల్లు, వారానికి 40 గంటలు. శబ్దం 3 డెసిబెల్లు పెరిగితే వినదగిన సమయం సగమైపోతుంది. 78 అయితే 20 గంటలు, 81 అయితే 10 గంటలు. మీటరు లేకపోయినా ఒక గుర్తు ఉంది. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగితే ఫరవాలేదు. అరవాల్సి వస్తే తగ్గించండి. చాలా ఆంప్లిఫయర్లలో, టీవీల్లో గరిష్ఠ వాల్యూమ్ కి హద్దు పెట్టే సదుపాయం ఉంది. దాన్ని వాడండి. పిల్లవాడు గుబ్బ తిప్పినా స్పీకరూ చిరగదు, చెవీ చిల్లుపడదు.

తింజాన్ పండుగకి వేసే వేదికల దగ్గర మనిషెత్తు స్పీకర్లుంటాయి. ఆ వేదికని ఇక్కడ పిలిచే మాటా, మన "మండపం" అనే మాటా ఒకే మూలం నుంచి వచ్చినవి. మాట మనదైనా, శబ్దం మన పసివాళ్ళకి తగదు. ఆరుబయట దూరం రెట్టింపయితే శబ్దం సుమారు 6 డెసిబెల్లు తగ్గుతుంది. కాబట్టి ఎత్తుకున్న బిడ్డతో ముందు వరస వద్దు, వీలైనంత వెనక నిలబడండి, చెవులకి కప్పే తొడుగులు పెట్టండి.

పోతే తిరిగి రానిది

స్పీకరు చిరిగితే అతికించవచ్చు, ఆంప్లిఫయరు పోతే ఇంకొకటి కొనవచ్చు. పోతే తిరిగి రానివి రెండే: బిడ్డ, మామ్మ గొంతు. మొదటిదానికి పైన చెప్పిన జాగ్రత్తలు. రెండోదానికి ఒకటే జాగ్రత్త, నకలు తీసి పెట్టుకోవడం.

టేప్ డెక్ లైన్ అవుట్ నుంచి కంప్యూటరు లైన్ ఇన్ కి ఒక తీగ చాలు. లైన్ ఇన్ లేని ల్యాప్ టాప్ కి యూఎస్బీ సౌండ్ కార్డు కావాలి. ఆడాసిటీ అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. సీడీ నాణ్యతతో వేవ్ ఫైలుగా దాస్తే నిమిషానికి పది మెగాబైట్లు. అరవై నిమిషాల క్యాసెట్టుకి ఆరువందల మెగాబైట్లు. ఈ రోజుల్లో అదేమంత? మూడు నకళ్ళు చెయ్యండి. ఒకటి కంప్యూటరులో, ఒకటి పెన్ డ్రైవులో, ఒకటి ఊళ్ళో అన్నయ్య దగ్గరో, అక్క దగ్గరో. నేను ముప్ఫై ఏళ్ళు ఒకే క్యాసెట్టుని మోసుకు తిరిగి, అది చిందరవందర అయ్యాక గాని ఈ పని చెయ్యలేదు. మీరు ఈ నెలలోనే చెయ్యండి.

"వద్దు" కాదు, "ఇలా"

అన్నీ బిగించాక, మూసేశాక కూడా ఒక పని మిగులుతుంది. పిల్లవాడికి ఆ పెట్టె అంటే ఎందుకంత ఇష్టం? మనం దాన్ని ముట్టుకోగానే పాట వస్తుంది కాబట్టి. వాడికీ ఆ పని కావాలి. రోజంతా "వద్దు, ముట్టుకోకు" అంటే వాడు మనం చూడనప్పుడు ముట్టుకుంటాడు. రోజుకొక్కసారి మన ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఒకే మీట వాడి చేత నొక్కించి, "ఒక వేలితో, మెల్లగా" అని చెబితే, ఆ ముచ్చట తీరుతుంది. "ఒకటి", "మెల్లగా", "నొక్కు", "ఆపు". నాలుగు తెలుగు మాటలు కూడా వచ్చినట్టే. అయితే నేర్పాం కదా అని పట్టీ విప్పవద్దు, బ్యాటరీ టేపు తియ్యవద్దు. మూడేళ్ళ లోపు పిల్లలకి జ్ఞాపకం కంటే కుతూహలం ఎక్కువ.

మా చిన్నోడు ఇప్పుడు మన బడిలో "అ ఆ"ల తరగతిలో ఉన్నాడు. రాత్రి పడుకునే ముందు మామ్మ కథ తనే పెడతాడు. పద్నాలుగో నిమిషం దగ్గర టేపు నలిగిన చోట మామ్మ గొంతు వణికి, కిందికి జారి, మళ్ళీ పైకి వస్తుంది. "ఇక్కడ మామ్మ నీళ్ళలో మాట్లాడుతుంది నాన్నా" అని ఆ చోటు కోసమే ఎదురుచూస్తాడు. దాన్ని కంప్యూటరులో సరిచేద్దామని చాలాసార్లు అనుకున్నాను. వాడు ఒప్పుకోలేదు.

ఈ ఆదివారం చెయ్యవలసిన పది పనులు

1. హాల్లో నేల మీద కూర్చుని చుట్టూ చూడండి.
2. అన్ని రిమోట్ల మూతలు చూసి, వదులుగా ఉన్నవాటికి టేపు వెయ్యండి.
3. విడి బటన్ బ్యాటరీలు, వాచీ బ్యాటరీలు తాళంలో పెట్టండి.
4. నిలువు స్పీకర్లు, టీవీ, రాకు గోడకి బిగించండి.
5. స్పీకర్ల పైన ఉన్న వస్తువులన్నీ తీసెయ్యండి.
6. వేలాడే తీగలు బిగించండి, విడి స్పీకరు తీగలు దాచండి.
7. ఎర్తు, ఆర్ సీ సీ బీ సంగతి ఎలక్ట్రీషియన్ని అడగండి.
8. కలరా ఉండలు ఉంటే తీసెయ్యండి.
9. గరిష్ఠ వాల్యూమ్ కి హద్దు పెట్టండి.
10. దగ్గరలోని పెద్ద ఆసుపత్రి నంబరు, 192 రెండూ తలుపు వెనక రాసి అంటించండి.

పిల్లలకి అభ్యాసం

1. పైన చెప్పిన స్పీకరు లోతు 25 కి బదులు 40 సెంటీమీటర్లు ఉంటే, ఎంత బలంతో లాగితే లేస్తుంది? (జవాబు: 5 కిలోల బరువుకి సమానం. అడుగు వెడల్పయితే పడడం కష్టం.)

2. మీ ఇంట్లో బటన్ బ్యాటరీ ఉన్న వస్తువులు ఎన్ని? అమ్మతో కలిసి వెతికి జాబితా రాయండి. మీరు ముట్టుకోవద్దు, చూపించండి చాలు.

3. ఊళ్ళో ఉన్న తాతయ్యకో, అమ్మమ్మకో ఫోను చేసి ఒక కథ చెప్పమని అడగండి. వాళ్ళని అడిగి ఆ గొంతు రికార్డు చేసి, మూడు నకళ్ళు తియ్యండి.

కొత్త మాటలు

గరిమనాభి: వస్తువు బరువంతా ఒకేచోట ఉన్నట్టు పనిచేసే బిందువు.
మీట: నొక్కితే గాని తిప్పితే గాని పనిచేసేది, స్విచ్చి.
అన్నవాహిక: నోటి నుంచి కడుపుకి అన్నం వెళ్ళే గొట్టం.
క్షారం: ఆమ్లానికి వ్యతిరేకమైన పదార్థం. ఘాటైనదైతే ఒంటిని కాలుస్తుంది.
నకలు: ఉన్నది ఉన్నట్టుగా తీసిన రెండో ప్రతి.
బూజు: తేమకి పట్టే తెల్లటి, పచ్చటి పొర. మూలల్లో సాలీడు కట్టే గూడుకి కూడా ఇదే మాట.